పెద్దాయన హామండ్ వేలానికి వెళ్ళింది: నా అనుభవం

2023 సెప్టెంబర్ 6 సాయంత్రం లండన్‌లోని సోత్‌బీస్ వేలం సంస్థలో, క్వీన్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పియానో వేలం పాటకి వచ్చింది. యమహా జీ2 బేబీ గ్రాండ్. 1975లో కొన్నాడు. క్వీన్ పాటలు ఎన్నో దాని ముందు కూర్చునే కట్టాడు. 20 నుంచి 30 లక్షల పౌండ్ల దాకా పలుకుతుందని ముందు అంచనా వేశారు. చివరికి కమిషన్లతో కలిపి 17,42,000 పౌండ్లకి పోయింది. ఆయన ఇంటి తోట గోడకున్న ఆకుపచ్చ తలుపు కూడా 4,12,750 పౌండ్లు పలికింది.

ఆ వార్త వచ్చిన వారంలోనే మా పెద్దాయన కూతురు ఫోన్ చేశారు. "నాన్న సామాను వేలానికి ఇద్దామనుకుంటున్నాను. వాటి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. దగ్గరుండి చూస్తారా?" అన్నారు. వెంటనే సరేనన్నాను. వేలంలో కొనేవాళ్ళ కథలు చాలా విన్నాను గానీ, అమ్మేవాళ్ళ వైపు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చూడటం అదే మొదలు. చనిపోయిన ఒక రాక్ కీబోర్డిస్టు వాయిద్యాలకి ఏమవుతుందో అప్పుడే తెలిసింది.

పెద్దాయన పేరు రాయను, ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. బర్మింగ్‌హామ్‌లో మా వెనక వీధిలోనే ఉండేవారు. 1960ల చివర్లో, 70లలో ఇక్కడి రాక్ బ్యాండ్లలో వాయించారు. పెద్ద స్టార్ కాదు. రికార్డుల మీద ఆయన పేరు ఉన్నవి కొన్నే. మిగతాదంతా వ్యాన్లో తిరిగి ఊరూరా వాయించిన జీవితం. నేను రాజమండ్రిలో కాలేజీ రోజుల్లో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించి, తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇక్కడికి వచ్చినవాణ్ణి. హామండ్ ఆర్గాన్ (కరెంటు మీద నడిచే పెద్ద కీబోర్డు వాయిద్యం) ముందు కూర్చోబెట్టి నాకు నేర్పింది ఆయనే. నేను వాయిస్తుంటే పక్కన నిలబడి డ్రాబార్లు (శబ్దం తీరు మార్చేందుకు లాగే పుల్లలు) లాగుతూ "ఇప్పుడు విను, ఇప్పుడు విను" అనేవారు. అందుకే ఈ పని నాకు మామూలు సాయం కాదు.

వెనక గదిలోనూ గరాజ్‌లోనూ ఉన్నవి ఇవీ: హామండ్ సీ3 ఆర్గాన్, దాని లెస్లీ స్పీకర్ (లోపలి భాగాలు తిరుగుతూ శబ్దాన్ని ఊగించేది), మెల్లోట్రాన్ ఎం400, మినీమోగ్ మోడల్ డీ, యమహా డీఎక్స్7 అనే రెండు సింథసైజర్లు, వాళ్ళ అమ్మగారి నాటి అప్‌రైట్ పియానో, వాయిద్యాలు మోసుకెళ్ళేందుకు బ్యాండ్ పేరు స్టెన్సిల్ చేసిన ఫ్లైట్ కేసులు, ఒక అట్టపెట్టె నిండా నోటు పుస్తకాలు. బయటివాళ్ళకి బ్లాక్ సబ్బాత్ ఊరుగా తెలిసిన బర్మింగ్‌హామ్ కీబోర్డు వాళ్ళకి మెల్లోట్రాన్ పుట్టిన ఊరు. స్ట్రీట్లీ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ ఇక్కడే దాన్ని తయారుచేసింది. మూడీ బ్లూస్ కీబోర్డిస్టు మైక్ పిండర్ బ్యాండ్‌లోకి రాకముందు అందులోనే పనిచేశాడు. ఒక్కో మీట కింద ఒక్కో టేపు ఉంటుంది, 35 మీటలకి 35 టేపులు. మీట నొక్కితే అసలు వయొలిన్లు, ఫ్లూట్లు వాయించి రికార్డు చేసిన టేపు తిరుగుతుంది. 8 సెకన్లు గడిస్తే టేపు అయిపోతుంది, వేలు తీసి మళ్ళీ నొక్కాలి. ఆ ఆదుర్దాని కూడా వాయింపులో కలిపేసుకోవడం పెద్దాయనకి బాగా వచ్చు.

కాగితాల పని త్వరగానే అయింది. ఇక్కడ వీలునామా అమలు చేసేవాళ్ళు మామూలుగా ప్రొబేట్ (వీలునామాకి కోర్టు ఇచ్చే ఆమోదం) మంజూరయ్యాకే ఆస్తి అమ్ముతారు. చనిపోయిన రోజున మార్కెట్లో ఏ ధర వస్తుందో ఆ లెక్కన వస్తువులకి విలువ కట్టించాలి. మొత్తం ఆస్తి 3,25,000 పౌండ్లు దాటితే వారసత్వ పన్ను గొడవ మొదలవుతుంది. ఇదంతా లాయరు చూసుకున్నారు. నాకు పని పడింది వేలం సంస్థ నిపుణుడు ఇంటికి వచ్చినప్పుడు.

ఆయన మెల్లోట్రాన్ మూత తీసి టేపులు చూశాడు, మినీమోగ్ వెనక సీరియల్ నంబరు రాసుకున్నాడు. హామండ్ దగ్గర చాలాసేపు ఆగాడు. అది ఎలా మోగుతుందని అడుగుతాడేమో, వాయించి చూపిద్దామని నేను కాచుకుని ఉన్నాను. ఆయన అడిగింది వేరు. "ఇదే ఆర్గాన్ స్టేజీ మీద వాడినట్టు రుజువేమైనా ఉందా? ఫొటో, బిల్లు, టూర్ కాగితం?" అన్నాడు.

పెద్దాయన కూతురి మొహం చిన్నబోయింది. ఫ్రెడ్డీ పియానో ధర విని, నాన్నది కనీసం అందులో వందో వంతైనా రాకపోతుందా అని ఆవిడ అనుకున్నారు. నిపుణుడు మర్యాదగానే విడమర్చి చెప్పాడు. వేలంలో ఒక వాయిద్యానికి రెండు ధరలుంటాయి. ఒకటి ఆ వాయిద్యానిది, అలాంటి సీ3 ఎవరి దగ్గరున్నా వచ్చేది. రెండోది దాన్ని వాయించిన చేతిది. రెండోది కావాలంటే ఆ చెయ్యి ఈ మీటల మీద ఆడిందని కాగితం చెప్పాలి. ఫ్రెడ్డీ పియానో విషయంలో ఆ సందేహానికి చోటే లేదు. ఆయన 1991లో పోయాక ఇల్లూ సామానూ ఆయన ఆప్తురాలు మేరీ ఆస్టిన్‌కి వచ్చాయి, ముప్ఫై ఏళ్ళు దాటినా ఆమె దగ్గరే ఉన్నాయి. దాని దగ్గర సిగరెట్ కాల్చనిచ్చేవాడు కాదు, పైన గ్లాసు పెట్టనిచ్చేవాడు కాదు అని ఆమే చెప్పింది. మహారాష్ట్రలో పంచగని బోర్డింగ్ స్కూల్లో పియానో నేర్చుకున్న పిల్లాడి చేతికి లండన్‌లో అంత ధర పలికిందంటే, ఆ చేతి గురించి ఇంకొకరు సాక్ష్యం చెప్పగలిగారు కాబట్టే.

ఆ రాత్రి ఆవిడా నేనూ పాత ఆల్బమ్‌లు ముందేసుకుని కూర్చున్నాం. ఎర్డింగ్‌టన్‌లో 1968 నుంచి 71 దాకా మదర్స్ అనే క్లబ్ ఉండేది. చిన్న చోటే అయినా పెద్ద పెద్ద బ్యాండ్లు అక్కడ వాయించాయి, పింక్ ఫ్లాయిడ్ లైవ్ రికార్డింగ్ కొంత అక్కడే జరిగింది. అక్కడ తీసిన నలుపు తెలుపు ఫొటో ఒకటి దొరికింది. పెద్దాయన జుట్టు భుజాల దాకా ఉంది, తల వంచుకుని వాయిస్తున్నారు. ఆర్గాన్ ఎడమ చివర, కింది మీటల వరస పక్కనున్న చెక్క మీద చిన్న నల్లమచ్చ. భూతద్దం పెట్టి చూశాను. కోలగా, ఒక పక్క తోక తీసినట్టుంది. వెనక గదిలోకి వెళ్ళి సీ3 మూత ఎత్తి టార్చి వేశాను. అదే చోట, అదే కోల, అదే తోక. సిగరెట్ కాలిన మచ్చ! ఆయన సిగరెట్ అక్కడ ఆనించి రెండు చేతులతో వాయించేవారట. ఆవిడ దాని మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

నిపుణుడికి ఫొటో పంపితే అంచనా ధర పెంచాడు. మామూలుగా కాలిన మచ్చ ఉంటే ధర తగ్గాలి. ఇలాంటి సామానుకి మాత్రం ఫొటోలో కనిపించే దెబ్బే వేలిముద్ర. రాక్ కీబోర్డిస్టు కీత్ ఎమర్సన్ తన హామండ్ ఎల్100 మీటల మధ్య కత్తులు గుచ్చి స్వరం ఆగకుండా మోగించేవాడు (ఆ కత్తులు ఇచ్చింది అప్పట్లో వాళ్ళ బ్యాండ్ సామాను మోసిన లెమ్మీ, తర్వాత మోటర్‌హెడ్ బ్యాండ్ పెట్టినవాడు). అలాంటి గాట్లున్న ఆర్గాన్‌ని ఎవరైనా నున్నగా పాలిష్ పట్టించి అమ్మితే సగం చరిత్ర చెరిపేసినట్టే. మీ ఇంట్లో ఇలాంటిదేదైనా ఉంటే దయచేసి వేలానికి ముందు మెరుగులు పెట్టించకండి.

తర్వాత వచ్చింది అసలు పేచీ. కేటలాగ్ డ్రాఫ్టు వచ్చేసరికి ప్రతిదీ విడి విడి లాట్ (వేలంలో ఒకసారికి పాడే వస్తువు) అయిపోయింది. మెల్లోట్రాన్ ఒక లాట్, దాని రెండో టేపు ఫ్రేమ్ ఇంకో లాట్. ఆ ఫ్రేమ్‌లో కోరస్ గొంతులున్నాయి, అది మార్చి ఇది పెట్టుకుంటేనే ఆ యంత్రానికి రెండో గొంతు. రోలు ఒకరికి, రోకలి ఒకరికి అమ్మినట్టుంది. నోటు పుస్తకాలన్నీ 'కాగితాలు, ఇతరములు' అని చివర్లో పడేశారు. నేను ఊరుకోలేదు. ఆ పుస్తకాల్లో ఏముందో ఒక పేజీ చూస్తే తెలుస్తుంది: పైన పాట పేరు, కింద 888000000, పక్కన 'పెర్కషన్ ఆన్, లెస్లీ నెమ్మది'. హామండ్‌కి ఒక్కో సెట్టులో తొమ్మిది డ్రాబార్లు, ఒక్కోటి సున్నా నుంచి ఎనిమిది దాకా లాగొచ్చు. ఆ తొమ్మిది అంకెలే ఆ స్వరం చిరునామా. మినీమోగ్‌కి మెమరీయే ఉండదు, నాబ్‌లు ఎక్కడ తిప్పి పెట్టామన్నదే శబ్దం. అందుకని ఆయన నాబ్‌ల బొమ్మ గీసుకుని ప్రతి పాటకీ గుర్తులు పెట్టుకున్నారు. ఈ పేజీలు లేకపోతే కొన్నవాళ్ళకి యంత్రం దక్కుతుంది, ఆయన శబ్దం దక్కదు.

వేలం సంస్థ లెక్క వేరే. విడదీస్తే మొత్తం ఎక్కువ వస్తుందంటారు, చాలాసార్లు అది నిజమే. కానీ సొంతదారు గట్టిగా చెబితే వాళ్ళు వింటారు, ఒప్పందం మీద సంతకం పెట్టకముందైతే ఇంకా బాగా వింటారు. ఆవిడ గట్టిగానే చెప్పారు. టేపు ఫ్రేమ్ మెల్లోట్రాన్‌తోనే వెళ్ళింది. లెస్లీ ఆర్గాన్‌తోనే వెళ్ళింది. నోటు పుస్తకాలు అమ్మకుండా ఉంచుకుని, ఏ వాయిద్యానికి చెందిన పేజీల కాపీలు దానితో పాటు ఇద్దామని తేల్చారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన నిర్ణయం అదే.

డీఎక్స్7 సంగతి నేనే చూశాను. 1983 నాటి మోడల్. లోపల 32 శబ్దాలు దాచుకుంటుంది, వాటిని నిలబెట్టేది లోపలున్న చిన్న బ్యాటరీ. అది చచ్చిందంటే ఆయన కూర్చుని తయారుచేసుకున్నవన్నీ గాలికి పోతాయి. కొత్తవాళ్ళు కొన్న మర్నాడే ఫ్యాక్టరీ శబ్దాలు ఎక్కించేయొచ్చు కూడా. వాయిద్యాన్ని కంప్యూటర్‌కి కలిపే మిడి కేబుల్ పెట్టి మొత్తం నా ల్యాప్‌టాప్‌లోకి దింపాను. శబ్దాల పేర్లు స్క్రీన్ మీద ఒక్కొక్కటే వస్తుంటే, అందులో మనవరాలి పేరుతో ఒకటి కనిపించింది. నొక్కితే చిన్న గంటల్లాంటి శబ్దం. ఆవిడకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

హామండ్ సీ3ని, మెల్లోట్రాన్‌ని కూడా ఇంట్లోంచి కదిపే ముందు రికార్డు చేశాం. మంచి మైకులు పెట్టి, ఆయన అంకెల ప్రకారమే డ్రాబార్లు లాగి, లెస్లీని నెమ్మది నుంచి వేగానికి తిప్పి, వేగం నుంచి మళ్ళీ నెమ్మదికి దింపి. ఇది ఎవరూ చెప్పరు. వేలం సంస్థకి ఫొటోలు కావాలి, శబ్దం అక్కర్లేదు.

అక్కర్లేదని ఎందుకంటున్నానో ప్రదర్శన రోజు తెలిసింది. వేలానికి ముందు కొనేవాళ్ళు వచ్చి చూసుకునేందుకు హాల్లో సామాను పెడతారు. సీ3 దగ్గరికి వెళ్ళేసరికి దాని ప్లగ్గు లేదు. వైరు మొండిగా కత్తిరించి ఉంది! పాత కరెంటు సామాను పరీక్ష చెయ్యకుండా అమ్మితే బాధ్యత తమ మీదికి వస్తుందని ఇక్కడ కొన్ని సంస్థలు ప్లగ్గు కోసేసి, 'పనిచేస్తుందో లేదో చూడలేదు' అని రాసి అమ్ముతాయట. నా గుండె కలుక్కుమంది. నెల ముందే హామండ్లు బాగుచేసే మెకానిక్‌ని పిలిపించి భద్రతా పరీక్ష చేయించాం. లోపలి చిన్న గరాటుల్లో నూనె కూడా పోయించాం, అక్కడి నుంచి దారాల మీదుగా నూనె చక్రాలకి చేరుతుంది. పరీక్ష సర్టిఫికెట్ వాళ్ళకి ఇచ్చాం, అది ఆఫీసులో ఏదో ఫైల్లో ఉండిపోయింది. వాళ్ళతో గొడవ పడలేదు గానీ కదలకుండా అక్కడే నిలబడ్డాను. సాయంత్రానికి కొత్త ప్లగ్గు వేశారు, సర్టిఫికెట్ పక్కన అంటించారు.

అప్పుడు వాయించాను. సీ3కి రెండు స్విచ్చులుంటాయి, స్టార్ట్, రన్. స్టార్ట్ కాసేపు పట్టుకుంటే మోటారు వేగం అందుకుంటుంది, అప్పుడు రన్ కూడా వేసి కొన్ని సెకన్లు ఉంచి స్టార్ట్ వదలాలి. లోపల 91 ఇనప చక్రాలు తిరగడం మొదలవుతుంది. లెస్లీలో పైన బూరా, కింద డ్రమ్ము తిరిగేసరికి హాల్లో గిటార్లు చూస్తున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వాళ్ళలో ఒకాయన దగ్గరికొచ్చి, డ్రాబార్ల మీద చెయ్యి వేసి "నేనూ చూడొచ్చా?" అన్నాడు. చర్చిలోనూ వారాంతాల్లో ఒక బ్లూస్ బ్యాండ్‌లోనూ వాయిస్తాడట. ఆయన వాయించిన తీరు చూశాక, ఇది ఈయనకి దక్కితే బాగుండునని మనసులో గట్టిగా అనుకున్నాను.

వేలం రోజు పొద్దున గిటార్లు. హాలు కిటకిట. వాయిద్యాల వేలంలో డబ్బంతా గిటార్లదే. 2019లో న్యూయార్క్ క్రిస్టీస్‌లో పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ ఒక్కటే 39,75,000 డాలర్లు పలికింది. గిటార్‌ని గోడకి తగిలించుకోవచ్చు, హామండ్‌ని మొయ్యాలంటే నలుగురు కావాలి. భోజనాల తర్వాత కీబోర్డుల వంతు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. ఆవిడ చేతులు ముడుచుకుని నా పక్కన కూర్చున్నారు, నాకూ లోపల టెన్షనే.

మెల్లోట్రాన్‌కి ఫోన్లో ఇద్దరు పోటీ పడ్డారు, మా సామానులో ఎక్కువ ధర దానికే వచ్చింది. మినీమోగ్ ఆన్‌లైన్లో దేశం దాటింది. బ్యాండ్ పేరున్న ఖాళీ ఫ్లైట్ కేసు డీఎక్స్7 కంటే ఎక్కువ పలికింది. అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయన చేత్తో చేసిన శబ్దాలున్న పెట్టె కంటే వాటిని మోసిన పెట్టె గొప్పదైపోయింది, పేరు పైకి కనిపిస్తుంది కాబట్టి.

సీ3కి ఒక అమెరికా ఆయన ముందు నుంచీ ఆసక్తి చూపించాడు, డబ్బుకి వెనకాడే మనిషిలా లేడు. కానీ వేలానికి ముందు ఆయన అడిగిన ప్రశ్నలోనే సంగతి తేలిపోయింది. హామండ్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. ఇంగ్లండ్‌లో, మన దేశంలో 50 హెర్ట్జ్, అమెరికాలో 60. ఇక్కడి ఆర్గాన్ అక్కడ పెడితే చక్రాలు వేగంగా తిరిగి శ్రుతి మూడు మెట్లకి పైగా పెరిగిపోతుంది. దాన్ని సరిచేసే ఖర్చు విని ఆయన తప్పుకున్నాడు. వేలం పాట హాల్లోనే నడిచింది. ఒక డీలరు, చర్చి ఆయన. డీలరు 3,800 అన్నాడు. చర్చి ఆయన కాసేపు తల దించుకుని, చెయ్యి ఎత్తాడు. 4,000. వేలం వేసేవాడు హాలంతా ఒకసారి కలయజూసి సుత్తి కొట్టాడు.

ఆ 4,000 లెక్క కూడా చెప్పాలి, తెలియకుండా దిగేవాళ్ళు ఇక్కడే బిత్తరపోతారు. కొన్నాయన దాని మీద వేలం సంస్థకి 25 శాతం ప్రీమియం (కొనేవాళ్ళ రుసుము), ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ కట్టాలి. అంటే 5,200. అమ్మిన మా వైపు 15 శాతం కమిషన్, దాని మీద వ్యాట్ పోను చేతికొచ్చింది 3,280. మధ్యలో 1,920 పౌండ్లు వేలం సంస్థకీ పన్నుకీ. ఫొటోలకీ రవాణాకీ విడిగా తీసుకున్నారు. ఈ శాతాలు సంస్థని బట్టి మారతాయి, సంతకం ముందు బేరమాడితే అమ్మేవాళ్ళ కమిషన్ తగ్గించిన సందర్భాలూ ఉంటాయని తర్వాత విన్నాను.

అప్‌రైట్ పియానోని ఎవరూ ముట్టుకోలేదు. ఇంగ్లండ్‌లో పాత అప్‌రైట్‌లు ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు దొరకరు. పైగా దాని మీటల మీద ఏనుగు దంతం ఉంది. 2022 జూన్ నుంచి ఇక్కడ దంతం చట్టం అమల్లో ఉంది. 1975కి ముందు చేసిన వాయిద్యమై, దంతం 20 శాతం లోపే ఉంటే, 20 పౌండ్లు కట్టి మినహాయింపు నమోదు చేయించుకుంటేనే అమ్మొచ్చు. అంత శ్రమపడినా కొనేవాడు లేడు. చివరికి ఆవిడే ఇంట్లో ఉంచుకున్నారు, పెద్దాయన మనవరాలు దాని మీదే నేర్చుకుంటోంది.

పెద్దాయన ఒక సంగతి తరచూ చెప్పేవారు. డీప్ పర్పుల్ బ్యాండ్ కీబోర్డిస్టు జాన్ లార్డ్ తన మొదటి సీ3 అరిగిపోయాక 1973లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్ కీబోర్డిస్టు క్రిస్టీన్ మెక్‌వీ దగ్గర ఇంకో సీ3 కొనుక్కున్నాడట. వేలం లేదు, కేటలాగ్ లేదు, వాయించే మనిషి నుంచి వాయించే మనిషికి. ఈ కథ చెప్పినప్పుడల్లా తన సీ3 వైపు చూసేవారు.

వేలం అయిన కొన్ని వారాలకి చర్చి ఆయన, వేలం సంస్థ ద్వారా ఉత్తరం పంపాడు. ఆర్గాన్‌తో వచ్చిన పేజీల కాపీల్లో ఒక పాట దగ్గర రెండు అంకెలు చెరిగిపోయాయి, అసలు పుస్తకంలో చూసి చెప్పగలరా అని. ఆవిడ పుస్తకం తీశారు, నేను మా రికార్డింగ్ పెట్టి విన్నాను. 6, 8. అవి రాసి, ఆ పాట రికార్డింగ్‌తో కలిపి ఆయనకి పంపించాం.